మామయ్యతో లోంగేవాలా: నడవలేని పెద్దవాళ్లను యుద్ధభూమికి తీసుకెళ్లాలంటే

యుద్ధం జరిగిన చోటికి పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకుంటే చరిత్ర తర్వాత చదువుకోవచ్చు. ముందు అక్కడ ఎన్ని మెట్లున్నాయో కనుక్కోండి. బండి ఎక్కడిదాకా పోతుంది, దిగాక ఎంత నడవాలి, కాళ్ల కింద సిమెంటా ఇసుకా, కమోడ్ ఉన్న బాత్‌రూమ్ ఎంత దూరంలో ఉంది. వీటన్నిటికీ జవాబు దొరికాకే టికెట్లు తీయాలి.

నాది పొదిలిలో మందుల షాపు. మా మామయ్య, అంటే మావారి నాన్నగారి సొంతూరు గిద్దలూరు వైపు పల్లె. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఎవరో ఒకరు మిలిటరీలో పనిచేసినవాళ్లే. 1971 యుద్ధం నాటికి ఈయన సైన్యంలో డ్రైవరు. ఇప్పుడు 76 ఏళ్లు. కుడి తుంటికి ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు, ఎడమ మోకాలు అరిగిపోయింది, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఇంట్లో వాకర్ పట్టుకుని తిరుగుతారు, గడప దాటితే వీల్‌చైరే. రాజస్థాన్‌లో పనిచేశానని ఆయన అనడం ఆలస్యం, ఎదుటివాళ్లు "అయితే లోంగేవాలాలో ఉన్నారా?" అంటారు. 1971లో పాకిస్తాన్ ట్యాంకులను మనవాళ్లు ఆపిన చోటది, జైసల్మేర్ అవతలి ఎడారిలో. ఆయన ఉన్నది బార్మేర్ వైపు, నీళ్ల ట్యాంకరు మీద. యాభై ఏళ్లుగా "లేను బాబూ" అని చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఆ లోంగేవాలా ఏదో ఒకసారి చూసి వద్దామన్నారు. పోయిన చలికాలం తీసుకెళ్లాం. ఇలా వెళ్లాలనుకునే ఇళ్లు ఇంకా ఉంటాయని ఇది రాస్తున్నాను.

ఏ యుద్ధభూమికి?

మా ఇంట్లో మొదట వినపడిన పేరు కార్గిల్. అది మా అబ్బాయి పట్టు. 1999లో ద్రాస్ కొండల్లో ప్రాణాలిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ మనిషి, మహావీర చక్ర పొందినవాడు అని వాడు చదువుకున్నాడు. ద్రాస్‌లోని స్మారకం శ్రీనగర్–లేహ్ హైవే పక్కనే ఉంటుంది, బండి దగ్గరిదాకా పోతుంది. అక్కడ ఇబ్బంది మెట్లతో కాదు, ఎత్తుతో. ద్రాస్ సముద్ర మట్టానికి 3,200 మీటర్లకు పైన ఉంటుంది, లేహ్ 3,500 మీటర్ల దగ్గర. పుట్టినప్పటి నుంచీ మైదానం గాలి పీల్చిన పెద్దమనిషిని విమానంలో తీసుకెళ్లి అక్కడ దింపితే ఆరోగ్యవంతుడికే తల తిరుగుతుంది. గుండె జబ్బో, ఆయాసమో ఉంటే డాక్టరు పరీక్షించి సరేనంటేనే వెళ్లాలి. వెళ్లినా మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి. తలనొప్పి, వాంతులు, పడుకున్నా తగ్గని ఆయాసం మొదలైతే వెంటనే కిందికి దించడమే అసలు వైద్యం. మేం ఆ ఆలోచన మానుకున్నాం. మా అబ్బాయి ఇంకా అలక మీదే ఉన్నాడు.

నాగాలాండ్‌లోని కోహిమా కూడా గొప్ప చోటే. 1944లో బ్రిటిష్ ఇండియా సైన్యం జపాన్ సైన్యాన్ని ఆపింది అక్కడే. అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఇటొకళ్లూ అటొకళ్లూ ఉండి కొట్టుకున్నారు. ఇప్పుడక్కడ 1,400 మందికి పైగా సమాధులున్న శ్మశానవాటిక ఉంది. కానీ అది కొండ వాలు మీద అంచెలంచెలుగా కట్టింది. వీల్‌చైర్ మనిషిని కింది అంచెలో కూర్చోబెట్టి పైకి చూపించడమే తప్ప ఎక్కించలేం.

ఇంత దూరాలెందుకు, మన ఉదయగిరి కోటనే తీసుకోండి. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే ఏడాదికి పైగా లొంగలేదు. అరిగిన మోకాలికి అసలే లొంగదు. కొండ కింద నీడలో బండి ఆపుకుని, తెచ్చుకున్న పులిహోర తింటూ చూసి రావాలి. అదీ తక్కువేం కాదు.

దూర ప్రయాణానికి ముందు దగ్గర్లో ఒకటి పెట్టుకోవాలనుకుంటే రెండు చోట్లు చెబుతాను. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. నందంబాక్కంలో రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 850 మందికి పైగా సైనికుల సమాధులున్నాయి. చదునైన పచ్చిక, నిశ్శబ్దం, పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. రెండోది విశాఖ. 1971 డిసెంబరు 3 రాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరానికి దగ్గర్లోనే. బీచ్ రోడ్డు మీది విక్టరీ ఎట్ సీ స్మారకాన్ని వీల్‌చైర్‌లో కూర్చునే చూడొచ్చు. పక్కనే ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి మాత్రం పెద్దవాళ్లను ఎక్కించే ప్రయత్నం చేయకండి. లోపల ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లో వంగి దూరాలి. తుంటి మార్పించుకున్నవాళ్లు అలా వంగకూడదు.

అన్నీ చూసుకుంటే లోంగేవాలాయే నయం అనిపించింది. దూరమైతే చాలా దూరం. కానీ నేల చదును, రోడ్డు బాగుంటుంది, బండి యుద్ధం జరిగిన చోటుకే పోతుంది. కావాల్సిందల్లా నవంబరు–ఫిబ్రవరి మధ్య వెళ్లడం. ఎండాకాలం ఆ ఎడారికి పెద్దవాళ్లను తీసుకెళ్లే మాటే వద్దు.

కొత్తపట్నం ఇసుకలో

ఇసుకలో వీల్‌చైర్ నడవదు. ఈ సంగతి ఫోన్లో ఎవరూ చెప్పరు, చెప్పినా మనం నమ్మం. కాబట్టి బయల్దేరే ముందు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి చూడండి. మాకు కొత్తపట్నం బీచ్ ఉంది, నెల్లూరు వాళ్లకు మైపాడు ఉంది. ముందుకు తోస్తే చిన్న చక్రాలు దిగబడి కుర్చీలో మనిషి ముందుకు పడబోతాడు. అదే కుర్చీని వెనక్కి తిప్పి, చిన్న చక్రాలు కొంచెం పైకి లేచేలా వంచి, పెద్ద చక్రాల మీద లాగితే కొంతదూరం కదులుతుంది. ఇంకా మెత్తగా ఉంటే రెండు కొబ్బరిపీచు పట్టాలు తీసుకెళ్లండి, గుమ్మాల ముందు వేసుకునేవి, కాస్త పొడవువి. ఒకటి ముందు పరిచి, దాటాక వెనకది తీసి మళ్లీ ముందు వేసుకుంటూ పోవాలి. ఓపిక పని. నలభై యాభై అడుగులకైతే చాలు, అంతకు మించి పెట్టుకోకండి.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. గట్టిది చూసి కొనాలి. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే మనిషితో సహా ఎత్తి పది అడుగులు వేయొచ్చు. కానీ ఎత్తేవాళ్లు ముందుగా ఒకసారి ఇంట్లో ఎత్తి చూసుకోవాలి. మామయ్య ఇందుకు ఒప్పుకోవడానికి టైం పట్టింది. "నన్ను పల్లకీలో ఊరేగిస్తారా" అన్నారు. మర్నాడు ఆయనే అడిగారు, కుర్చీ కొన్నారా అని.

తోడు ఎవరు

ఈ విషయం మొహమాటం లేకుండా ఇంట్లో తేల్చుకోవాలి. కోడలు ఎంత సేవ చేసినా బాత్‌రూమ్ దగ్గర మామగారికి ఇబ్బందే. అడగలేక నీళ్లు తాగడం మానేస్తారు. ఎడారిలో అది ప్రమాదం. మగవాళ్లకు మగమనిషి తోడు, ఆడవాళ్లకు ఆడమనిషి తోడు తప్పకుండా ఉండాలి. మాతో నా భర్త వచ్చారు. ఆయనకు కుదరకపోతే ఎవరినైనా జీతమిచ్చి తీసుకెళ్దామనే అనుకున్నాం. మందులు, తిండి, టికెట్లు, లెక్కలు నావి. ఎత్తడం, దించడం, స్నానం, బాత్‌రూమ్ ఆయనవి. ఎవరి పని ఏదో ముందే అనుకుంటే దారిలో గొడవలుండవు, కనీసం తగ్గుతాయి.

పెద్దాయన్ని కూడా ఒక మాట అడగాలి: "మీకు ఏం చూడాలనుంది?" మనం ట్యాంకులనుకుంటాం. ఆయనకు ఇంకేదో ఉంటుంది. మామయ్య లోంగేవాలా అన్నారు కానీ గుచ్చి గుచ్చి అడిగితే, బార్మేర్ నుంచి సరిహద్దు వైపు పోయే రోడ్డు మీద ఒక అరగంట కూర్చోవాలన్నారు. అక్కడ స్మారకం లేదు, బోర్డూ లేదు. అయినా ప్రయాణంలో అదీ కలుపుకున్నాం.

రైలు, కారు

ఒంగోలు నుంచి అహ్మదాబాద్‌కు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక రోజు దాటిన ప్రయాణం. అహ్మదాబాద్‌లో దిగి ఒక పూర్తి రాత్రి హోటల్లో పడుకుని, జోధ్‌పూర్ దాకా మళ్లీ రైలు, అక్కడి నుంచి కారు. ఏకబిగిన పోవాలని చూడకండి. రాజస్థాన్ చేరేసరికి మనిషి అలసిపోయి ఉంటే చూసేదేముంది?

టికెట్ విషయంలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. సీనియర్ సిటిజన్ల రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది. కింది బెర్త్ కోటా మాత్రం ఉంది. మగవాళ్లకు 60 ఏళ్లు, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండాలి, ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉండాలి, ఇద్దరికీ ఆ వయసు ఉండాలి. అందరం ఒకే టికెట్ మీద వెళ్దామని కొడుకునీ మనవణ్నీ కలిపి బుక్ చేస్తే ఈ కోటా రాదు. నాకు 45 దాటాయి కాబట్టి మామయ్యకూ నాకూ ఒక టికెట్, మావారికి విడిగా ఒకటి తీశాం. వయసు దాటినందుకు సంతోషపడిన సందర్భం అదొక్కటే.

స్టేషన్లో వీల్‌చైర్ కావాలంటే స్టేషన్ మాస్టర్ ఆఫీసులో అడగాలి, సొంతది ఉంటే ఇంకా మంచిది. బండి ఒంగోల్లో ఎక్కువసేపు ఆగదు. పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని ముందే అక్కడ నిలబడాలి. మనిషిని ముందు ఎక్కించి, సామాను తర్వాత ఎక్కించాలి. మన ఊళ్లో అలవాటు దీనికి తిరగబడి ఉంటుంది. రాత్రిపూట కదిలే రైల్లో బాత్‌రూమ్‌కి నడిపించకండి. మందుల షాపుల్లో యూరిన్ పాట్ దొరుకుతుంది, మూత ఉన్నది తీసుకోండి. కర్టెన్లున్న సెకండ్ ఏసీలో ఇది సులువు.

కారుకు సెడాన్ వద్దు. సీటు కిందికి ఉంటే తుంటి మార్చినవాళ్లు కూర్చోలేరు, లేవలేరు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికంటే పైకి రాకూడదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇన్నోవా లాంటిది మాట్లాడుకోండి. ముందు సీటును వెనక్కంటా జరిపి, మీద గట్టి దిండు వేయండి. ఎక్కే పద్ధతి కూడా ఉంది: కారుకు వీపు పెట్టి నిలబడి, సీటు కాళ్లకు తగిలాక మెల్లగా కూర్చుని, అప్పుడు రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఒకటి పరిస్తే సులువుగా తిరుగుతారు. ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు బయట ఉంచి ఎక్కిస్తే తుంటి మెలిపడి కొత్త కీలు జారిపోవచ్చు.

గంటన్నరకొకసారి బండి ఆపాలి. దిగలేకపోయినా తలుపు తీసి, కాళ్లు బయటికి చాపి, పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి. డ్రైవరుతో బేరం కుదిరేటప్పుడే ఈ సంగతి చెప్పాలి. మొదటి డ్రైవరు "ఇన్నిసార్లు ఆపితే ఎప్పుడు చేరతాం" అన్నాడు. అతన్ని అక్కడే వదిలేసి, ఇంట్లో ముసలి తండ్రి ఉన్న ఇంకో డ్రైవర్ని కుదుర్చుకున్నాం. మిగతా రోజులన్నీ అతనే.

మందుల సంచి

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. రోజులకు సరిపడా మందులు కాదు, దానికి సగం మళ్లీ అదనంగా తీసుకెళ్లండి. ఒకే సంచిలో పెట్టకండి, రెండు సంచుల్లో రెండు వాటాలు. మన దగ్గర దొరికే కంపెనీ పేరు అక్కడ దొరక్కపోవచ్చు, కాబట్టి చీటీ మీద మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జిరాక్సు కూడా. తుంటిలో లోహం ఉన్నవాళ్లు తనిఖీ యంత్రం దాటగానే అది మోగుతుంది, అప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

బీపీకో గుండెకో నీరు పోయే మాత్ర వాడేవాళ్లు ప్రయాణం రోజు దాన్ని ఏ టైంకి వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగాలి. సొంతంగా మానేయకూడదు, కారెక్కేముందు వేసుకుని అవస్థ పడనూ కూడదు. షుగరుకు ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. చలికాలమైనా మధ్యాహ్నం అద్దాల్లోంచి ఎండ కాలుస్తుంది. చల్లగా ఉంచే పౌచ్‌లో పెట్టండి, కానీ ఐసు గడ్డకు నేరుగా తగలనీయకండి, గడ్డ కడితే ఆ మందు పనికిరాదు. షుగరు పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజు పొడి నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండేది.

మాజీ సైనికుల కుటుంబాలకు ఇంకో మాట. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు రెండూ ఒరిజినల్స్ తీసుకెళ్లండి. దారిలో పెద్ద ఊళ్లలో ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోండి. సైనిక్ రెస్ట్ హౌస్‌లో గది దొరుకుతుందేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అన్నిచోట్లా దొరకవు. హోటలైతే కింది అంతస్తు గది, కమోడ్, బాత్‌రూమ్ గడప ఎత్తు, ఈ మూడూ ఫోటోలు పంపమని అడగండి. అహ్మదాబాద్‌లో మాకు లిఫ్ట్ ఉందని చెప్పిన హోటల్లో ఆ లిఫ్ట్ ఆరు మెట్లు ఎక్కిన తర్వాత మొదలవుతుంది. అప్పటి నుంచి "లిఫ్ట్ ఉందా" అని కాదు, "రోడ్డు మీది నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా" అని అడుగుతున్నాను.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడి సజ్జ రొట్టెలు, బాటీలు రుచిగానే ఉంటాయి, కట్టుడు పళ్లకు మాత్రం కష్టం. చిన్న కరెంటు కుక్కరు, బియ్యం, పప్పు, కందిపొడి, నెయ్యి పట్టుకెళ్లాం. బీపీ ఉన్నవాళ్లకు ఆవకాయ సీసా కనపడకుండా దాచండి. స్వెట్టర్లు మన ఊళ్లో సరైనవి దొరకవు, జోధ్‌పూర్‌లో దిగాక కొనుక్కోండి. డిసెంబరు రాత్రుల్లో ఆ చలికి పొదిలి మఫ్లర్లు చాలవు.

లోంగేవాలా దగ్గర

జైసల్మేర్ నుంచి లోంగేవాలా దాదాపు 120 కిలోమీటర్లు. రాంగఢ్ మీదుగా పోతారు. అందరూ రాంగఢ్ నుంచి తనోట్ మాత గుడికి వెళ్లి, అటునుంచి లోంగేవాలా చూసి తిరిగొస్తారు. మొత్తం 250 కిలోమీటర్లకు పైనే అవుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు దీన్ని తిరగేయండి. ఒంట్లో ఓపిక ఉండగానే నేరుగా లోంగేవాలా, తర్వాత ఓపిక మిగిలితే తనోట్. రాంగఢ్‌లోనే పెట్రోలు, బాత్‌రూమ్, టీ అన్నీ ముగించుకోండి. ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. సరిహద్దు ప్రాంతం కాబట్టి పరిస్థితి బాగోనప్పుడు వెళ్లనివ్వరు. ముందు రోజు జైసల్మేర్‌లో అడిగి తెలుసుకుని బయల్దేరాలి.

కథ దారిలోనే చెప్పేయండి, అక్కడికి వెళ్లాక గాలికి మాట వినపడదు. చెవి తక్కువైనవాళ్లకైతే మరీను. నేను చెప్పింది ఇంతే: 1971 డిసెంబరు 4 రాత్రి. 23 పంజాబ్ బెటాలియన్‌కు చెందిన ఒక కంపెనీ, 120 మంది దాకా, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో ఆ పోస్టులో ఉన్నారు. గస్తీకి వెళ్లిన లెఫ్టినెంట్ ధరమ్‌వీర్ సరిహద్దు వైపు నుంచి ట్యాంకుల చప్పుడు విని కబురు చేశాడు. వస్తున్నవి నలభై దాటిన ట్యాంకులు, వాటి వెనక రెండు వేలకు పైగా సైనికులు. మన దగ్గర ట్యాంకు ఒక్కటీ లేదు. జైసల్మేర్‌లో ఉన్న హంటర్ విమానాలు చీకట్లో దాడి చేయలేవు. తెల్లారేదాకా నిలబడితే చాలు అన్నది లెక్క. నిలబడ్డారు. పొద్దు పొడవగానే హంటర్లు వచ్చాయి. ఎడారిలో దాక్కోడానికి చోటు లేక, ఇసుకలో వేగంగా కదలలేక ట్యాంకులు ఒకటొకటిగా కాలిపోయాయి. చాంద్‌పురికి మహావీర చక్ర ఇచ్చారు. ఆయన 2018లో పోయారు.

అక్కడ చేరాక పెద్దాయన్ని చూడాల్సినవాటి చుట్టూ తిప్పకండి. ఒక్క చోటు ఎంచుకుని కూర్చోబెట్టండి. పట్టుబడిన ట్యాంకులు, స్మారకం, బంకర్లు కనపడే చోటు, సిమెంటు బాట మీద, ఎండ వీపున పడేలా. కుర్చీని పడమటి వైపు తిప్పితే పాకిస్తాన్ ట్యాంకులు వచ్చిన దిక్కు అది. వెనక, ఆగ్నేయంగా, జైసల్మేర్. విమానాలు అటునుంచి వచ్చాయి. తల అటూ ఇటూ తిప్పితే ఆ రాత్రీ తెల్లారీ మొత్తం అర్థమవుతుంది. బంకర్లలోకి మేం దిగి వచ్చి ఫోన్లో వీడియో చూపించాం. దిగలేకపోయానన్న దిగులు ఆయనకు లేదు. బంకర్లు తనకు తెలియనివా అన్నారు.

తర్వాత ఆయన అడిగింది ట్యాంకుల గురించి కాదు. "ఇక్కడికి నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చేవాళ్లో" అన్నారు. మా డ్రైవర్ని పిలిచి ఇసుకలో బండి నడిపేటప్పుడు టైర్లలో గాలి ఎంత తీస్తావని అడిగారు. మేము ఇంత తీసేవాళ్లం అంటూ వేళ్లతో చూపించారు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పవుతుంది, ఇసుకలో దిగబడదు, గట్టి రోడ్డెక్కాక మళ్లీ కొట్టుకోవాలి. ఇద్దరూ వచ్చీరాని హిందీలో ముప్పావుగంట మాట్లాడుకున్నారు, ఎందుకంటే మామయ్య హిందీ మిలిటరీ హిందీ, డ్రైవరుది మార్వాడీ. అంతసేపూ నేను గడియారం చూడలేదు. ఇక్కడ తొందరపెట్టే పనైతే అసలు తీసుకురాకండి.

పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పాలి: "నువ్వు ఎంతమందిని చంపావు తాతయ్యా" అని అడగొద్దని. సినిమాలు చూసే పిల్లలు అదే అడుగుతారు. ఏం తినేవాళ్లు, చలికి ఏం కప్పుకునేవాళ్లు, ఉత్తరాలు ఎన్నాళ్లకు అందేవి, ఇలాంటివి అడిగితే మాట దానంతటదే వస్తుంది. రికార్డు చేసుకోవాలనుంటే చెప్పి చేయండి. మాట ఆపేస్తే మనమూ ఆపేయాలి, కదిపి కదిపి చెప్పించకూడదు.

తనోట్ మాత గుడి చదునుగానే ఉంటుంది, నిర్వహణ బీఎస్ఎఫ్ చేతుల్లో ఉంది. 1965 యుద్ధంలో చుట్టూ పడి పేలకుండా మిగిలిపోయిన గుండ్లని లోపల పెట్టారు. మాకు ఓపిక మిగిలింది కాబట్టి వెళ్లాం. రాత్రికి మామయ్య కాళ్లు కొంచెం వాచాయి. మర్నాడంతా ఎక్కడికీ వెళ్లకుండా పడుకోబెట్టాం. పెద్ద ప్రయాణం చేసిన రోజు తర్వాత ఒక ఖాళీ రోజు ముందుగానే ప్లాన్‌లో పెట్టుకోండి.

మ్యూజియం, కోట, బార్మేర్ రోడ్డు

జైసల్మేర్ వార్ మ్యూజియం 2015లో తెరిచారు. జోధ్‌పూర్ హైవే మీదే, ఊరికి దగ్గర. లోంగేవాలా పేరుతో ఒక హాలు, బయట విమానం, ట్యాంకులు ఉన్నాయి. లోంగేవాలాకు వెళ్లలేనంత నీరసంగా ఉన్నవాళ్లకు ఇదొక్కటి చాలు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది. యుద్ధం చూసినవాళ్లను దానికి తీసుకెళ్లేముందు ఒకసారి అడగండి. తుపాకుల చప్పుడు కొందరికి సరదా, కొందరికి ఆ రాత్రి నిద్ర ఉండదు. మామయ్య వద్దన్నారు, మేమూ బలవంతం చేయలేదు.

జైసల్మేర్ కోట మీద మాత్రం ఆశ వదులుకోండి. రాళ్లు పరిచిన నిటారు దారి, పైన ఇరుకు సందులు. కింద నుంచి సాయంత్రం ఎండలో చూస్తే గోడలు బంగారం రంగులో ఉంటాయి. అక్కడే ఆగండి.

బార్మేర్ రోడ్డు మీద అనుకున్నట్టే ఆగాం. ఒక రేగు చెట్టు పక్కన బండి నిలిపి, తలుపు తీసి, కాళ్లు బయటికి పెట్టించాం. రోడ్డు అప్పటిది కాదు, ఇప్పుడంతా తారు. ఏ మలుపో గుర్తుపట్టలేకపోయారు. అరగంటనుకున్నది పది నిమిషాలకే "పదండి, ఆకలేస్తోంది" అన్నారు. పెద్దవాళ్లు కోరిన చోట ఎంతసేపు ఉంటారో మనం ఊహించలేం. ఎక్కువైనా తక్కువైనా సర్దుకోవాలి.

వచ్చాక

ఇంటికి చేరగానే ఊళ్లోవాళ్లు పలకరించడానికి వచ్చేస్తారు. ఆదివారం రమ్మని చెప్పండి. రెండు రోజులు నిద్ర, సమయానికి తిండి, మందులు మళ్లీ ఇంటి టైం ప్రకారం. షుగరు ఉన్నవాళ్ల పాదాలు ఆ రోజే వేళ్ల సందుల దాకా చూడాలి. బూట్ల వల్ల, ఇసుక వల్ల చిన్న పుండు పడినా వాళ్లకు నొప్పి తెలియదు. కాళ్ల వాపు రెండు వైపులా సమానంగా ఉంటే ఎత్తులో పెట్టి పడుకోబెడితే మెల్లగా తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, ఎర్రదనం, వేడి ఉంటే మాత్రం ఆగకండి. ఎక్కువసేపు కూర్చున్నందుకు లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. మర్దనా చేయకండి, ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా 108కి ఫోన్ చేయండి. ఈ జాగ్రత్త ఇంటికి చేరిన రోజుతో అయిపోదు, కొన్ని వారాల పాటు గమనిస్తూనే ఉండాలి.